నీళ్ల మిషన్

జనవరి 21, 2025

పరికరాల గ్రాంటు సర్క్యులర్ వచ్చింది. భూగర్భశాస్త్రం చెప్పే పీజీ సెంటర్లు బోధనకూ పరిశోధనకూ కావలసిన పరికరాల కోసం దరఖాస్తు పెట్టుకోవచ్చు. గడువు మార్చి మొదటి వారం.

మా పీజీ సెంటర్ స్పెషల్ ఆఫీసర్ మోహన్‌కృష్ణ గారు కాగితం నా చేతికిస్తూ, "ఇది రాకపోతే వచ్చే సంవత్సరం ఉదయగిరిలో మీ ఎమ్మెస్సీ అడ్మిషన్లు ఉండవమ్మా. ఫస్టియర్ పిల్లల్ని కూడా నెల్లూరుకు మార్చేస్తారు. యూనివర్సిటీలో అనేసినారు" అన్నారు. నాతో చెబుతున్నట్టు లేదు. ఫ్యానుతో చెబుతున్నట్టుంది.

మా విభాగాధిపతి రామనారాయణ సార్ దాన్ని రెండుసార్లు చదివి, మడిచి జేబులో పెట్టుకున్నారు. "నువ్వు రాయమ్మా నవ్యశ్రీ. నీది కాన్వెంటు ఇంగ్లీషు. నాది నల్లబోర్డు ఇంగ్లీషు, ఢిల్లీ దాకా పోదు."

రాస్తాను. నాకు చేతనైంది అదొక్కటే.

జనవరి 22

విషయం పిల్లలకు అప్పుడే తెలిసిపోయింది. ఫస్టియర్‌లో ఉన్నది అయిదుగురు. వాళ్లలో సుజన కొండ కింద పల్లె నుంచి రోజూ షేర్ ఆటోలో వస్తుంది. నవ్వేటప్పుడు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంటుంది. ఇక్కడి బోరు నీళ్లు తాగి పెరిగిన పళ్లు, గోధుమరంగు చారలు.

"నెల్లూరంటే మా నాయన పంపడు మేడం. హాస్టలనే మాట ఇంట్లో ఎత్తినా కర్ర తీస్తాడు. నా కోసం కాదులే, గొర్రెల్ని అదిలించేదానికి" అని నవ్వింది. చెయ్యి అడ్డం పెట్టుకునే.

సాయంత్రం ఆత్మకూరు బస్సులో కూర్చుని దరఖాస్తు మొదటి పేజీ మనసులో రాసుకున్నాను. ఇంటికొచ్చేసరికి మర్చిపోయాను.

జనవరి 29

సార్‌తో వింజమూరు అవతల ఒక పల్లెకు వెళ్లాం. బోరు పాయింటు కోసం రైతు వచ్చి బతిమాలాడు. సార్ ఎవరి దగ్గరా డబ్బు తీసుకోరు. బస్సు ఛార్జీ, మజ్జిగ, అంతే.

నాకు ఈ పని ఇష్టం. అటెండరు యేసురత్నం ఇనుప మేకులు దిగ్గొట్టి, వాటి మొదళ్లలో ఉప్పునీళ్లు పోస్తాడు. వైర్లు లాగుతాడు. బయటి మేకుల్లోంచి కరెంటు నేలలోకి పోతుంది, లోపలి మేకుల దగ్గర ఎంత మిగిలిందో మీటరు చెబుతుంది. మేకులు దూరం జరిపేకొద్దీ ఇంకా లోతు తెలుస్తుంది. రెసిస్టివిటీ మీటరని దాని పేరు, కానీ ఊళ్లలో ఎవరూ అలా అనరు. నీళ్ల మిషన్ అంటారు.

సార్ మూత తీసిన పెట్టె ముందు కూర్చుంటారు. మూత నిలబడి ఉంటుంది కాబట్టి అవతల కూర్చున్న నాకు లోపల కనిపించదు. ఆయన రీడింగు పలుకుతారు. నేను గట్టిగా తిరిగి పలికి, అప్పుడు రాయాలి. విన్నది తప్పు రాయకుండా ఫీల్డులో పాటించే పద్ధతి అది. నేను తిరిగి పలికేదాకా సార్ తర్వాతి రీడింగుకు వెళ్లరు.

"ఇంకా గట్టిగా పలుకు. పెంచలకోన దాకా వినపడాల" అంటారు ఎప్పుడూ. రైతులు నవ్వుతారు. నా గొంతు అంతకన్నా లేవదు.

ఇక్కడ లెక్చరర్‌గా చేరిన ఈ రెండేళ్లలో అలా రాసుకున్న రీడింగులే నా పీహెచ్‌డీ. గ్రాఫులు గీస్తే గీతలు ఎంత నున్నగా వస్తాయో. ఎక్కడా వంకర లేదు. దరఖాస్తులో పరిశోధన అన్న చోట వాటినే పెడతాను. ఇంతకన్నా మా దగ్గర చూపించుకోవడానికి ఏమీ లేదు.

ఫిబ్రవరి 4

ఉన్న పరికరాల ఫోటోలు, ప్రస్తుత స్థితి అడిగారు. సార్ క్లాసులో ఉన్నారు. స్టోర్ రూములో పెట్టె తీసి మీటరు ఫోటో తీశాను. సీరియల్ నంబరు వెనక ఉంటుందేమోనని తిప్పాను. బ్యాటరీ అర మూత వదులుగా ఉంది, ఊడి వచ్చింది.

లోపల కందిరీగ గూడు. మట్టిగూడు. వైర్లు కలిసే చోటే కట్టింది. గోరుతో గీకితే రాలేదు. దాని మీద ఇంకోటి కట్టింది.

ఫోటో తీయకుండా మూత పెట్టేశాను.

ఫిబ్రవరి 5

గూడు ఉన్నంత మాత్రాన పనిచేయకూడదని లేదు.

ఫిబ్రవరి 6

కొత్త బ్యాటరీలు కొన్నాను. మట్టి తడిపి గీకేశాను. వైర్ల కొసలు పచ్చగా చిలుముపట్టి ఉన్నాయి. తనిఖీ చేసుకోవడానికి పెట్టెలోనే చిన్న రెసిస్టర్ ఉంటుంది. దానికి కలిపి మీట తిప్పితే ముల్లు ఒక చోటుకు వచ్చి ఆగాలి.

ముల్లు కదలలేదు.

నేను సరిగ్గా కలపలేదేమో. ఎప్పుడూ రాసేదాన్నే గానీ దాని ముందు కూర్చున్నదాన్ని కాదు.

ఫిబ్రవరి 7

సార్ ఫీల్డుకు వెళ్లే ముందు ఏదో సర్దుకుంటారేమో. చూస్తే తెలిసిపోతుంది. ఈసారి చూస్తాను.

ఫిబ్రవరి 11

చేజర్ల దగ్గర మెట్ట చేను. ఎండ కళ్లలో పడుతోందని చెప్పి సార్ పక్కకు జరిగి కూర్చున్నాను. ఆయన ఏమీ అనలేదు. మూత కొంచెం అటు తిప్పుకున్నారు. అయినా కనబడింది.

యేసురత్నం "వేసినా సార్" అని అరిచాడు. సార్ మీట తిప్పారు. ముల్లు సున్నా మీద ఉంది. సార్ దాన్ని చూడను కూడా లేదు. చేను చివర నల్లరాయి తేలిన చోటు చూస్తున్నారు. చాలాసేపు చూశారు. అప్పుడు పలికారు.

"నలభై రెండున్నర."

"నలభై రెండున్నర" అన్నాను. రాశాను.

తర్వాతివీ పలికాను. అన్నీ రాశాను. చేను రైతు నాకు రెండు గ్లాసుల మజ్జిగ ఇచ్చాడు.

ఫిబ్రవరి 12

యేసురత్నం ల్యాబులో రాళ్ల పెట్టెలు తుడుస్తున్నాడు. నేను అడగలేదు. తనే అన్నాడు.

"బ్యాటరీలు మార్చినారా మేడం?"

"ఎవరు చెప్పారు?"

"కొత్తవి మెరుస్తుండాయి గదా. తీసి ఇంట్లో టార్చిలైటుకేసుకోండి. అది పోయి చానా కాలమైంది."

"మీకు తెలుసా?"

"మేకులు కొట్టేది నేనే గదా మేడం. బాగుండే రోజుల్లో వైరు పట్టుకుంటే చెయ్యి జిల్లుమనేది. ఇప్పుడు దాని మీద గుడ్డలారేసుకోవచ్చు." గొంతు తగ్గించి అన్నాడు. "సారుతో అనబాకండి. ఆయన చెప్పిన చోట నీళ్లు పడతానే ఉండాయి. మనకేంది?"

ఫిబ్రవరి 16

ఆదివారం. అమ్మ, "ఏందే, అన్నం ముందు పెట్టుకొని కొండలు చూస్తుండావు" అంది. పరీక్ష పేపర్లు దిద్దాలని చెప్పాను.

దిద్దాల్సిన పేపర్లు లేవు.

ఫిబ్రవరి 18

దరఖాస్తులో ఒక గడి ఉంది. పరికరం ప్రస్తుత స్థితి.

చెడిపోయిందని రాస్తే కొత్తది ఎందుకు కావాలో వాళ్లకు అర్థమవుతుంది. కానీ చెడిపోయిన మీటరుతో ఈ రీడింగులన్నీ ఎలా తీశారని అడుగుతారు. రీడింగులు తీసేస్తే పరిశోధన అన్న చోట ఖాళీ. ఖాళీ కాగితానికి గ్రాంటు ఎవరిస్తారు? గ్రాంటు లేకపోతే విభాగం లేదు. రీడింగులు ఉంచి నిజం రాస్తే సార్ ముప్పై ఏళ్ల పేరు పోతుంది. వచ్చే ఏడాది ఏప్రిల్‌కు ఆయన రిటైరవుతారు.

పనిచేస్తోందని రాస్తే ఎవరికీ ఏమీ కాదు.

ఎవరికీ ఏమీ కాదు.

ఫిబ్రవరి 26

'పాతబడినది. కచ్చితత్వం తగ్గినది. అయినా వాడుకలో ఉన్నది.' ఇంగ్లీషులో ఇంకా బాగా వచ్చింది. ఇందులో ఒక్క మాట కూడా అబద్ధం కాదు. వాడుకలో ఉన్నమాట నిజమే.

సార్ చదివి తల ఊపారు. ఆ వాక్యం దగ్గర ఆగారని అనిపించింది. ఆగలేదేమో.

మార్చి 3

పంపేశాం. మోహన్‌కృష్ణ గారు అందరికీ టీ తెప్పించారు. నిద్ర బాగానే పడుతోంది.

మార్చి 19

మొదటి వడపోతలో నిలిచామట. కమిటీ తరఫున అనురాధ గారనే ప్రొఫెసర్ ఇరవై ఏడున వస్తున్నారు. ఉన్న మీటరుతో పిల్లల ముందు సర్వే చేసి చూపించాలి. ఉత్తరం చివర ఒక వాక్యం ఉంది: గ్రాఫులు అసాధారణంగా నున్నగా ఉన్నవి, వాటి గురించి మాట్లాడవలసి ఉన్నది.

పిల్లలు చప్పట్లు కొట్టారు. సుజన ఫోను తీసి అక్కడే వాళ్ల నాయనకు చేసింది.

మార్చి 20

సార్ గదికి వెళ్లాను. చెప్పాలనే వెళ్లాను.

"సర్వే ఎక్కడ పెడదాం సార్?"

"సుజన వాళ్ల నాయన పెంచలనరసయ్య నాలుగు నెలలుగా నా వెంట పడతుండాడు బోరు పాయింటుకు. ఆయన చేలోనే పెడదాం. ఒక దెబ్బకు రెండు పనులు."

"మీటరు..." అన్నాను.

సార్ కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "మీటరు సంగతి నేను చూసుకుంటా. నువ్వు గట్టిగా పలుకు, చాలు. భయపడబాక."

భయపడటం లేదు సార్ అన్నాను. సార్‌కు తెలుసు నాకు తెలుసని. తలుపు దగ్గరికి రాగానే అది అర్థమైంది. వెనక్కి తిరగలేదు.

మార్చి 27

జరిగింది జరిగినట్టు రాయాలి.

పొద్దున్నే వెళ్లాం. పెంచలనరసయ్య చేను ఉదయగిరి కొండ కిందనే, గొర్రెల దొడ్డికి ఆనుకుని ఉంది. నిమ్మచెట్లు సగం ఎండిపోయాయి. ఊరి జనం పాతికమంది దాకా వచ్చారు. పెంచలనరసయ్య కొత్త తువ్వాలు భుజాన వేసుకుని అందరికీ ఎదురొచ్చి పలకరిస్తున్నాడు.

అనురాధ గారు పెద్దావిడ. టోపీ, బూట్లు. వచ్చీ రాగానే నేల మీద కూర్చుని మట్టి చేతిలోకి తీసుకుని నలిపి చూశారు. నాకు ఆవిడ నచ్చారు. అందువల్ల ఇంకా కష్టమైంది.

యేసురత్నం మేకులు కొట్టి ఉప్పునీళ్లు పోశాడు. సార్ మూత తీసి కూర్చున్నారు. నేను అవతల, నా చోట. పిల్లలు నా వెనక. అనురాధ గారు పెంచలనరసయ్యతో మాట్లాడుతూ చివరి మేకు దగ్గరకు నడిచారు.

"అరవై ఒకటి."

"అరవై ఒకటి" అన్నాను.

"యాభై నాలుగున్నర."

"యాభై నాలుగున్నర."

వెనక ఎవరో నాతోపాటే గొణుగుతున్నట్టు వినబడి తిరిగి చూశాను. సుజన. తనంతట తనే ఒక నోట్‌బుక్ తెచ్చుకుంది. సార్ పలికినప్పుడు రాయటం లేదు. నేను పలికాక రాస్తోంది. పద్ధతి ప్రకారం. నేనే కదా నేర్పాను, తిరిగి పలికిన తర్వాతే రాయాలని. తల వంచుకుని గుండ్రటి అక్షరాలతో పొందికగా రాసి, పెన్ను ఎత్తి నా నోటి వైపు చూసింది.

"నలభై ఎనిమిది" అన్నారు సార్.

నా నోరు తెరుచుకోలేదు.

"నలభై ఎనిమిది."

గాలికి వైరు నేల మీద కదిలిన చప్పుడు. దూరంగా యేసురత్నం, "మేడం, వినపళ్లేదా? నలభై ఎనిమిదంట!" అని అరిచాడు. జనంలో ఎవరో, "ఆయమ్మ గొంతులో బోరెండిపోయినట్టుండాది" అన్నారు. అందరూ నవ్వారు.

సార్ మూత పక్కనుంచి తల వంచి నన్ను చూశారు. కోపం లేదు. నేను కళ్లు దించుకుని ఉంటే బాగుండేది. దించలేదు. పెన్ను మూత పెట్టి పుస్తకం మీద పెట్టాను.

అనురాధ గారు నడిచి వచ్చారు. "ఏమైంది?"

 సార్ పెట్టె మూత వేశారు. ఒక్కొక్క కొక్కెం తగిలించారు. లేచి నిలబడి ప్యాంటుకంటిన మట్టి దులుపుకున్నారు.

"ఈ మీటరు పనిచేయదు మేడం."

పెంచలనరసయ్య ముందుకొచ్చాడు. "ఏంది సార్, ఇంతసేపూ పలికింది గదా?"

"పలికింది నేను నరసయ్యా. అది కాదు."

"మరి మా పెదనాయన చేలో పెట్టిన పాయింటు? పడమటోళ్ల చేలో?"

"అన్నీ."

ఆ జనంలో నవ్వు ఎప్పుడు ఆగిపోయిందో తెలియదు. ఒక ముసలాయన మెల్లగా, "ఆ బోర్లలో నీళ్లుండాయి గదరా" అన్నాడు. "ఉంటే ఏంది? మనల్ని ఎర్రోళ్లను చేసినట్టే గదా" అన్నాడు ఇంకొకడు. అనురాధ గారు తాగడానికి నీళ్లడిగి, జీపులో కూర్చుని ఏదో రాసుకున్నారు. నాతో మాట్లాడలేదు.

సార్ పెట్టె కూడా తీసుకోకుండా రోడ్డు వైపు నడిచి వెళ్లిపోయారు. దాన్ని యేసురత్నం మోసుకొచ్చాడు.

నేను ఆటో ఎక్కుతుంటే పెంచలనరసయ్య దగ్గరికొచ్చి అన్నాడు. "నువ్వు పలికుంటే అయిపోయేది గదమ్మా. ఆయన పరువూ నిలబడేది, మా పిల్ల చదువూ నిలబడేది. ఒక్క మాట. నోరు నొప్పా?"

సుజన వాళ్ల నాయన వెనక నిలబడి ఉంది. నవ్వలేదు. చెయ్యి మాత్రం నోటికి అడ్డం పెట్టుకుని ఉంది.

మార్చి 28

సార్ రాలేదు.

మార్చి 29

రాలేదు. ఆయన క్లాసు కూడా నేనే చెప్పాను. ఏం చెప్పానో గుర్తులేదు.

మార్చి 31

చిన్నప్పుడు కాన్వెంటులో ప్రతి శుక్రవారం ఒక్కొక్కరమే సిస్టర్ ముందు నిలబడి ఆ వారం చేసిన తప్పులు చెప్పుకునేవాళ్లం. నేను ఎప్పుడూ రెండే చెప్పేదాన్ని, అందరికన్నా ముందు బయటికి వచ్చేసేదాన్ని. మంచిపిల్ల అనేవారు. మంచితనం కాదది. ఎక్కువ మాట్లాడటం భయం.

ఇరవై ఏడున నోరు తెరవకపోవడం ధైర్యమని అమ్మ అంటోంది. నాకు తెలియదు. మాట్లాడవలసిన రోజు ఫిబ్రవరిలో వచ్చి పోయింది.

ఏప్రిల్ 2

అనురాధ గారి మెయిలు. పొడి మాటలు, కానీ మర్యాదగా ఉన్నాయి. దరఖాస్తు కొట్టేయలేదు. పదిహేనో తారీఖులోపు సవరించి పంపమన్నారు. మీటరు ఎప్పటి నుంచి పనిచేయడం లేదో రాయాలి. అప్పటి నుంచి ఉన్న రీడింగులన్నీ ఉపసంహరించుకోవాలి. విభాగాధిపతి సంతకం ఉండాలి.

మోహన్‌కృష్ణ గారు, "ఎందుకమ్మా ఇంక, గమ్మున వదిలేయక? ఉన్న పరువూ పోతాది" అన్నారు.

ఏప్రిల్ 4

రాశాను. 2023 నుంచి అని పెట్టాను. నేను చేరిన సంవత్సరం. నా చేత్తో రాసినవన్నీ పోతాయి. నా పీహెచ్‌డీ ఉండదు. అంతకు ముందు సంగతి నేను చూడలేదు. చూడనిది రాయలేను కదా.

యేసురత్నం చెప్పిన మాట విన్నాను, నిజమే. విన్నది వేరు.

ఏప్రిల్ 5

ఉదయగిరిలో సార్ ఇల్లు. సార్ భార్య రామసుబ్బమ్మ గారు తలుపు తీశారు. "రామ్మా" అన్నారు గానీ కూర్చోమనలేదు. సార్ వెనక వరండాలో బనీనుతో కూర్చుని ఉన్నారు. నన్ను చూసి లోపలికి వెళ్లి చొక్కా వేసుకుని వచ్చారు.

కాగితం ఇచ్చాను. చదవలేదు. ఒళ్లో పెట్టుకుని మాట్లాడారు.

"మీటరు పోయిన కొత్తలో రిపేరుకు రాసినాను. మూడుసార్లు రాసినాను. జవాబు లేదు. ఆ ఎండాకాలం ఒకాయన వచ్చినాడు, బోరు పాయింటు చూడమని. మిషన్ లేదని ఊరికే నేల చూసి, ఏడ వద్దో ఏడ వెయ్యాల్నో చెప్పినా. 'ఊరికే చూసేదానికి సార్ ఎందుకు, టెంకాయ పట్టే ఆయన ఉండాడు గదా' అని పోయినాడు. టెంకాయ అరచేతిలో నిలబెట్టుకొని చేనంతా తిరిగి, అది లేచిన చోట గుర్తు పెట్టినాడంట. అయిదు వందల అడుగులేసినారు. దుమ్ము లేచింది. మళ్లీ ఇంకోచోట వేసినారు, దుమ్మే. ఆ మనిషి ఊరొదిలి బెంగళూరు పోయి వాచ్‌మన్‌గా చేరినాడు. నేను వద్దన్న చోటే వేసినారమ్మా రెండూ. ఆ తర్వాత వచ్చినోళ్ల దగ్గరకు పెట్టె ఎత్తుకొని పోయినా. మూత తీస్తే చాలు, నోరెత్తరు."

సార్ ఒళ్లోని కాగితం మడత సరిచేశారు.

"నేను చెప్పిన చోట్ల ఎక్కువ వాటికి నీళ్లు పడ్డాయి. పడ్డాయా లేదా నువ్వే చెప్పు."

"పడ్డాయి సార్."

"మరి?"

ఈ మాట నేను ముందుగా అనుకుని వెళ్లలేదు. "ఎందుకు పడ్డాయో మీరు మాకు ఎప్పుడూ చెప్పలేదు సార్" అన్నాను. "చేజర్లలో మీరు నల్లరాయి వైపు చూసి నలభై రెండున్నర అన్నారు. నేను నలభై రెండున్నర రాసుకున్నాను. ఆ రాయిలో మీరు ఏం చూశారో రాసుకోలేదు. రేపు మీరు రిటైరైతే మా దగ్గర మిగిలేవి ఆ నంబర్లే. అవి అబద్ధం."

జన్మలో ఆయన ముందు నేను అంతసేపు మాట్లాడలేదు. గొంతు పెద్దగా లేవలేదు. కానీ వినబడింది, ఎందుకంటే లోపల గిన్నెల చప్పుడు ఆగిపోయింది.

సార్ అప్పుడు కాగితం చదివారు. జేబులోంచి పెన్ను తీశారు. 2023 అన్న చోట అడ్డంగా గీత గీసి పైన 2016 అని రాశారు. పక్కన పొట్టి సంతకం చేశారు. కింద పూర్తి సంతకం.

"సార్, అంత వెనక్కి అంటే మీ పేపర్లన్నీ పోతాయి. యూనివర్సిటీ ఇచ్చిన అవార్డు కూడా..."

"నువ్వు చూసింది నువ్వు రాసినావు. నేను చూసింది నేను రాస్తుండా." కాగితం ఇచ్చేశారు. "మీ రామసుబ్బమ్మ మేడం మజ్జిగ తెస్తాది. తాగి పో. ఎండగా ఉండాది."

మజ్జిగ ఆవిడే తెచ్చి ఇచ్చారు. గ్లాసు నా చేతిలో పెట్టి వెంటనే లోపలికి వెళ్లిపోయారు.

ఏప్రిల్ 7

పంపాను. పరిశోధన అన్న చోట: ప్రస్తుతం ఏమీ లేదు.

మే 22

గ్రాంటు రాలేదు. ఈ విడతకు లేదని, మళ్లీ దరఖాస్తు చేసుకోవచ్చని రెండు వరుసలు. యూనివర్సిటీ నుంచి కూడా కాగితం వచ్చింది. కొత్త అడ్మిషన్లు ఆపేశారు. ఇప్పుడున్న అయిదుగురూ ఇక్కడే పూర్తి చేసుకోవచ్చు. ఆ తర్వాత సంగతి వచ్చే దరఖాస్తును బట్టి. సార్‌ను సంజాయిషీ అడిగారు.

అంటే ఒక సంవత్సరం ఉంది. ఒక్క సంవత్సరం.

సుజనకు ఫోన్ చేసి చెప్పాను. "అంటే నెల్లూరు పోబళ్లేదా మేడం?" అంది. పోనవసరం లేదన్నాను. అవతల వాళ్ల నాయన గొంతు వినబడింది: "ఆ గొంతెండిపోయినామెనా?"

మే 24

సార్ దగ్గరకు వెళ్లి అడిగాను, పిల్లల్ని ఫీల్డుకు తీసుకువెళ్లమని. పెట్టె లేకుండా.

"నా మాట ఎవరు వింటారు ఇప్పుడు?"

"అయిదుగురు వింటారు సార్. నాతో ఆరుగురు."

రానన్నారు.

జూన్ 12

ఆ తర్వాత నాలుగో రోజు వెళ్లి మళ్లీ అడిగాను. రానన్నారు. నిన్న వచ్చారు.

పెంచలనరసయ్య చేనే. సార్ వద్దంటారనుకున్నాను. "అక్కడే మొదలుపెట్టాల" అన్నారు. పెంచలనరసయ్య దొడ్డి గోడకు ఆనుకుని నిలబడ్డాడు, దగ్గరికి రాలేదు. టెంకాయ పట్టే ఆయన రెండు చోట్ల గుర్తులు పెట్టి పోయాడట. ఆ రాళ్లు అలాగే ఉన్నాయి.

సార్ చేతిలో సుత్తి ఒక్కటే. ఊరి వైపు కూడా చూడలేదు, తిన్నగా కొండ వాలు పట్టుకున్నారు. పిల్లలు వెనక. ఒకచోట వంగి రాయి పగలగొట్టి సుజన చేతిలో పెట్టారు. ఇంకోచోట చెట్ల వరుస చూపించి, ఇవి ఇక్కడే ఎందుకు పచ్చగా ఉన్నాయని అడిగారు. ఎవరికీ తెలియలేదు. నాకూ తెలియలేదు. రెండేళ్లు ఈ నేల మీద కూర్చుని రాశాను.

గంట తర్వాత చేను ఈశాన్యం మూలన ఆగారు. టెంకాయ గుర్తులు రెండింటికీ దూరంగా. మడమతో నేల మీద గీత గీశారు.

పెంచలనరసయ్య అప్పుడు వచ్చాడు. "ఈడ పడతాయా సార్?"

"పడతాయనుకుంటుండా."

"అనుకుంటుండాననేది ఏంది సార్? అప్పుడు పడతాయనే చెప్పేవోళ్లు గదా అందరికీ. అనుకుంటే బోరు బండోడు వస్తాడా?"

"కచ్చితంగా తెలియదు నరసయ్యా. అప్పుడూ తెలియదు."

పెంచలనరసయ్య నా వైపు చూశాడు, నేనేమైనా అంటానేమోనని. నేను సార్ వైపు చూశాను. సార్ సుత్తి కింద పెట్టి, ఎండలో నేల మీద కూర్చున్నారు. పిల్లలూ కూర్చున్నారు.

"ఈడ ఎందుకనుకుంటుండానో చెబుతా" అన్నారు. "నువ్వు గూడా కూర్చో. నచ్చకపోతే టెంకాయాయన గుర్తు పెట్టిన చోటే వేసుకో."

పెంచలనరసయ్య టెంకాయ గుర్తుల వైపు ఒకసారి చూశాడు. తర్వాత భుజం మీది తువ్వాలు తీసి నేల మీద పరుచుకుని, కూతురి పక్కన కూర్చున్నాడు.